పొట్లము మీది మాట, లెక్కలోని మాట

నా చిన్నతనమున మా యూరి కిరాణా కొట్టులో పావుకిలో పంచదార అడిగినచో, దుకాణదారు పాత వార్తాపత్రిక కాగితమును గరాటావలె చుట్టి, సరుకు పోసి, పైన వ్రేలాడు కండె నుండి పురికొస లాగి పొట్లము కట్టి యిచ్చెడివాడు. ఇంటికి వచ్చిన పిమ్మట పంచదార డబ్బాలోనికి, పురికొస మేకునకు, కాగితము పొయ్యిలోనికి పోయెడివి. బెల్లము తాటాకు బుట్టలోను, పూలు అరటాకులోను వచ్చెడివి. పొట్లము కట్టిన వాని బాధ్యత ఎంతవరకు అని ఆ రోజులలో ఎవరును అడుగలేదు. అడుగవలసిన అవసరమును లేకుండెను. ఆకు కుళ్ళి మట్టిలో కలియును. కాగితము కాలి బూడిదయగును.

నేడు పొట్లము కట్టుట ఒక మహాపరిశ్రమ. అట్ట, ప్లాస్టిక్ పొర, అల్యూమినియము పూత, రంగు, జిగురు అన్నియు కలిసి ఒక సంచి యగుచున్నవి. సరుకు రెండు నిమిషములలో అయిపోవును. సంచి మాత్రము మురుగుకాలువలో ఏండ్ల తరబడి ఉండును. కనుక ఇప్పుడు ఆ ప్రశ్న తప్పక వచ్చినది. దానికి సమాధానముగా పరిశ్రమలు ప్రతి సంవత్సరము ఒక నివేదికను వెలువరించుచున్నవి. సంఘము పట్ల, పరిసరముల పట్ల తమ బాధ్యతను ఎట్లు నెరవేర్చుచున్నారో అందులో వ్రాయుదురు. అట్టి నివేదికలను ఒక సాహిత్యప్రక్రియగా గ్రహించి విమర్శింపవలసిన కాలము వచ్చినదని నా అభిప్రాయము. కథను, కావ్యమును విమర్శించుటకు అలంకారశాస్త్రము చాలును. దీనిని విమర్శించుటకు త్రాసు కావలెను.

ఈ ఆలోచన నాకు ఒక విద్యార్థి వలన కలిగినది. అతడు డిగ్రీ చివరి సంవత్సరము చదువుచు, ఉద్యోగ పరీక్షకై ఒక సంస్థను గూర్చి చదువుకొనుచుండెను. ఒకనాడు తరగతిలో లేచి ఇట్లు అడిగినాడు: "సార్, ఆ కంపెనీ వాడే నీళ్ల కంటె ఎక్కువ నీళ్లు నిలవ చేస్తోందట. వదిలే బొగ్గుపులుసు వాయువు కంటె ఎక్కువ పీల్చుకొంటోందట. పారేసే చెత్త కంటె ఎక్కువ చెత్త ఏరుతోందట. అలాంటప్పుడు ఊరూరా అలాంటి ఫ్యాక్టరీ ఒకటి పెడితే భూమి బాగుపడిపోతుంది గదా?" తరగతి నవ్వినది. కాని ఆ కుర్రవాడు పరిహాసమునకు అడుగలేదు. తాను చదివిన వాక్యముల నుండి తర్కము ప్రకారము వచ్చు ఫలితమునే చెప్పినాడు. ఫలితము అసంభవమైనచో తప్పు తర్కములో లేదు, మూలవాక్యములలో ఉండవలెను. ఆ తప్పు ఎక్కడున్నదో వెదకుటయే ఈ వ్యాసము యొక్క పని.

గోదావరి యొడ్డున

ఆ విద్యార్థి చదివినది ఐ.టి.సి. సంస్థను గూర్చి. తెలుగువారికి ఇది దూరపు సంస్థ కాదు. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ పేరుతో ఏర్పడినప్పటి నుండి గుంటూరు పొగాకుతో దీనికి సంబంధము కలదు. సిగరెట్లకు కావలసిన పెట్టెలను తానే తయారుచేసికొనుటకై 1925లో పొట్లముల విభాగము నేర్పరచుకొనెను. 1979లో అట్టల పరిశ్రమలో ప్రవేశించి, భద్రాచలమునకు ఎదుట, గోదావరి యొడ్డున సారపాకలో పెద్ద మిల్లు నెలకొల్పెను. మందుల పెట్టెలకు, బిస్కత్తుల పెట్టెలకు, పుస్తకముల అట్టలకు వాడు దళసరి కాగితము అక్కడ తయారగుచున్నది. మన పల్లెలలోని సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటల కలప అక్కడ గుజ్జుగా మారుచున్నది.

మొదట మంచిని చెప్పుట న్యాయము. కలపలో పీచుతో పాటు లిగ్నిన్ అను గోధుమరంగు పదార్థముండును. తెల్లని కాగితము కావలెనన్న దానిని తొలగింపవలెను. పూర్వము ఇందులకు క్లోరిన్ వాయువును వాడెడివారు. క్లోరిన్ లిగ్నిన్‌తో కలిసి కర్బన సమ్మేళనములనేకము నేర్పరచును. వానిలో కొన్ని నీటిలో చిరకాలము విరుగక నిలిచి, చేపల కొవ్వులో చేరి, వానిని తినువారి దేహములో చేరును. భయంకరమైన డయాక్సిన్లు ఈ కోవలోనివే. మూలక క్లోరిన్‌ను మాని క్లోరిన్ డయాక్సైడును వాడినచో ఈ విషపదార్థముల ఉత్పత్తి మిక్కిలి తగ్గును. భారతదేశమున ఈ పద్ధతిని మొదట ప్రవేశపెట్టినది సారపాక మిల్లే. అది 2002లో జరిగినది. మరుసటి యేడు, అనగా 2003లో, కేంద్రప్రభుత్వము పదునేడు రకముల పరిశ్రమలకు పర్యావరణ బాధ్యతా పత్రము నొకటి ప్రకటించెను. కాగితపు మిల్లులు విడుచు నీటిలో ఇట్టి క్లోరిన్ సమ్మేళనములు టన్ను కాగితమునకు రెండేండ్లలో 1.5 కిలోలకు, ఐదేండ్లలో 1 కిలోకు తగ్గవలెనని అందులో నిర్ణయించిరి.

ఈ ఉదాహరణను పాఠకులు మనసులో ఉంచుకొనవలెను. ఇందులో బాధ్యత అను మాటకు అర్థము స్పష్టముగా కలదు. ఏ పదార్థము? ఎక్కడ? ఎంత? ఎప్పటిలోగా? నాలుగింటికిని జవాబు కలదు. ఎవరైనను నీటిని సీసాలో పట్టి పరీక్షింపవచ్చును. తప్పని తేలినచో తప్పనవచ్చును. శాస్త్రవాక్యమునకు లక్షణము ఇదియే. మిగిలిన వాక్యములను కూడ ఇదే గీటురాతి మీద గీచి చూతము.

ఆ సంస్థ తన నివేదికలలో ముఖ్యముగా మూడు మాటలు చెప్పుచున్నది. నీటి విషయమున 2002 నాటి నుండియు, కర్బనము, ఘనవ్యర్థముల విషయమున ఆ దశాబ్దపు మధ్యభాగము తరువాత నుండియు, తాను తీసికొనుదాని కంటె ఇచ్చునదియే అధికమని. వీనిని మూడు "అధికములు" అని పిలుతము.

మొదటి అధికము: కర్బనము

చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, కర్బనమును కలపగా మార్చుకొని, ఆమ్లజనిని విడుచును. ఎండిన కలప బరువులో సుమారు సగము కర్బనమే. కర్బనము పరమాణుభారము 12, బొగ్గుపులుసు వాయువు అణుభారము 44. కనుక ఒక టన్ను ఎండు కలపలో సుమారు 1.8 టన్నుల బొగ్గుపులుసు వాయువు బంధింపబడియున్నదని లెక్క. తోటలు పెంచిన మేరకు గాలి శుభ్రమగును. ఆ సంస్థ పది లక్షల యెకరములకు పైగా తోటలు పెంచుటకు తోడ్పడినట్లు చెప్పుకొనుచున్నది. ఇది చిన్న పని కాదు.

కాని ఆ చెట్లు నరకబడుటకే నాటబడినవి. ఒక రైతునకు నాలుగెకరముల సుబాబుల్ తోట కలదనుకొందము. ఏడాదికొక యెకరము చొప్పున నాటి, నాలుగేండ్ల కొకసారి నరుకుచున్నాడు. ఎకరమునకు ఏడాదికి 10 టన్నుల కలప పెరుగునని మన ఉదాహరణకై అనుకొందము. నాలుగెకరములలో ఏడాదికి పెరుగునది 40 టన్నులు. అదే యేడు నాలుగేండ్లు నిండిన యొక యెకరమును నరికినప్పుడు మిల్లునకు పోవునదియు 40 టన్నులే. తోటలో నిలిచియున్న కలప ఈ యేడు ఎంతయో, పై యేడును అంతే. తోట మొదలు పెట్టిన కొత్తలో నిలువ పెరుగును, తరువాత పెరుగదు. కాబట్టి ప్రతి సంవత్సరమును ఆ 40 టన్నులను పుణ్యముగా వ్రాసికొనవలెనన్న, నరికిన 40 టన్నులును అదే పుటలో వ్రాసి తీసివేయవలెను. నీళ్లతొట్టిలోనికి కొళాయి నుండి పడుచున్న నీటిని మాత్రమే లెక్కించి, అడుగున తూము నుండి పోవుదానిని వదలినచో, తొట్టి ఎన్నటికిని నిండుచునే యుండును, కాగితము మీద.

నరికిన కలప ఏమగుచున్నది? కొంత భాగము లిగ్నిన్ రూపమున మిల్లులోనే నల్లద్రావకముగా వేరుపడి, బాయిలరులో ఇంధనముగా కాలును. మిగిలినది అట్టయై, పెట్టెయై, కొద్ది నెలలలో చెత్తయగును. కాలినచో బొగ్గుపులుసు వాయువుగను, చెత్తదిబ్బ అడుగున గాలి లేక కుళ్ళినచో కొంత మీథేనుగను మరల గాలిలో కలియును. మీథేను నూరేండ్ల కాలము మీద చూచినచో భూమిని వేడిచేయుటలో బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 28 రెట్లు బలమైనది. ఈ పెట్టె మరణము ఎవరి ఖాతాలో వ్రాయవలెను?

ఉద్గారముల లెక్కలో మూడు అంతరువులు కలవు. సంస్థ తన ఆవరణలో మండించిన ఇంధనము మొదటిది. కొన్న విద్యుత్తు రెండవది. ముడిసరుకు పుట్టినది మొదలు అమ్మిన వస్తువు చెత్తయగువరకు మిగిలినదంతయు మూడవది. పొట్లములు చేయు పరిశ్రమలో ఈ మూడవది మిక్కిలి ముఖ్యము, ఏలయన ఆ వస్తువు చెత్తయగుటకే పుట్టినది. "అధికము" అను మాట వచ్చిన ప్రతిచోటను, ఎడమవైపున తోటలన్నిటిని కూడి, కుడివైపున మొదటి రెండు అంతరువులనే తీసివేసిరా, మూడవదానిని కూడ తీసివేసిరా అని చూడవలెను. తోటలు సంస్థ ఆవరణకు వెలుపల నున్నవి. ఆవరణ వెలుపలి పుణ్యము లెక్కకు వచ్చినచో, ఆవరణ వెలుపలి పాపమును రావలెను.

మరియొక సంగతి. ఆ చెట్లలో అధికభాగము రైతులవి. భూమి వారిది, నీరు వారిది, గాలివాన వచ్చినప్పుడు నష్టము వారిది. చెట్టు పీల్చిన కర్బనమునకు మాత్రము కీర్తి మిల్లుది. మేలురకపు మొక్కలను రూపొందించి, రైతులకు అందజేసినందుకు సంస్థకు కొంత కీర్తి న్యాయమే. అయినను సుబాబుల్ ధర గిట్టుబాటు కాలేదని కృష్ణా, గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులు మొరపెట్టుకొన్న సందర్భములు మనకు తెలియును. రైతునకు దక్కిన ధర కూడ అదే పుటలో ఉన్నచో, అది సంఘబాధ్యతకు నిజమైన కొలతగా నుండును.

రెండవ అధికము: నీరు

కాగితము చేయుట యనగా పీచును నీటిలో తేల్చి, నీటిని తీసివేయుటయే. కావున నీరు లేనిదే మిల్లు లేదు. చెరువులు త్రవ్వి, చిన్న ఆనకట్టలు కట్టి, వాన నీటిని నిలుపుటకు సంస్థ అనేక రాష్ట్రములలో ధనము వెచ్చించినది. నిలుపగలిగిన నీటి పరిమాణము, తాను వాడిన నీటి కంటె అధికమని దాని లెక్క. ఈ పనుల వలన రైతులకు మేలు కలిగియుండును. దానిని కాదనుట లేదు. మన ప్రశ్న తీసివేతను గూర్చి మాత్రమే.

రూపాయికి రూపాయి సమానము. హైదరాబాదులో సంపాదించి విజయనగరములో ఖర్చు పెట్టవచ్చును. నీరు రూపాయి వంటిది కాదు. నీటికి మూడు గుణములు కలవు: స్థలము, కాలము, శుద్ధి. ఒక నదీపరీవాహములో తీసిన నీటికి మరియొక పరీవాహములో నిలిపిన నీరు బదులు కాజాలదు. గోదావరి సంగతియే చూడుడు. 2022 జూలైలో భద్రాచలము వద్ద నీటిమట్టము 71 అడుగులు దాటి ఊళ్లను ముంచెత్తెను. అదే నదిలో వేసవిలో ఇసుకతిన్నెలు బయటపడును. జూలైలో నిలిపిన లక్ష లీటర్లు, మే నెలలో తీసిన లక్ష లీటర్లకు సమానమని త్రాసు చెప్పవచ్చును గాని, నదిలోని చేప చెప్పదు. పైగా, చెరువునకు నిలుపగల శక్తి వేరు, ఆ యేడు నిలిచిన నీరు వేరు. వాన రానియేడు చెరువు శక్తి అట్లే యుండును, చెరువులో నీరుండదు.

మిల్లులో నీటి వాడకమునకు సరియైన కొలత మరియొకటి కలదు: టన్ను కాగితమునకు ఎన్ని ఘనమీటర్ల నీరు వాడిరి, ఎన్ని ఘనమీటర్లు తిరిగి విడిచిరి, విడిచిన నీటిలో ఏమున్నది? ఈ కొలతలో చెరువులకు స్థానము లేదు. చెరువులను త్రవ్వించుట పుణ్యకార్యము. నీటిని తక్కువ వాడుట బాధ్యత. ఈ రెంటిని ఒకదాని నుండి ఒకటి తీసివేయరాదు.

మూడవ అధికము: చెత్త

సంస్థ తాను పుట్టించిన వ్యర్థము కంటె అధికముగా బయటి వ్యర్థమును తెచ్చి వాడుచున్నదని మూడవ మాట. ముఖ్యముగా పాత కాగితమును సేకరించి అట్టగా మార్చుట ఇందులో కలదు. కోయంబత్తూరు సమీపమున ఇట్టి అట్టలను చేయు మిల్లు దీనికి కలదు. ఇళ్లలో చెత్తను వేరుచేసి సేకరించు కార్యక్రమమును 2007లో మొదలుపెట్టెను. కాగితము పీచును మరల మరల వాడవచ్చును; ప్రతిమారు పీచు పొట్టిదగుచుండును గనుక కొంత క్రొత్త పీచును కలుపవలసియుండును. ఇంతవరకు బాగుగనే యున్నది.

అయితే, ఏ చెత్తకు బదులు ఏ చెత్త? పాత కాగితమునకు విలువ కలదు. ఎన్నో యేండ్లుగా పాతపేపర్ల వాడు త్రాసు పట్టుకొని వీధి వీధి తిరిగి, ఇంటివారికే ఎదురు డబ్బిచ్చి కొనిపోవుచున్నాడు. చిప్స్ సంచిని ఎవడును కొనడు. రోజంతయు చెత్తకుప్పలో వెదకి సీసాలు, అట్టలు ఏరుకొను పేద స్త్రీ కూడ దానిని కాలితో ప్రక్కకు నెట్టును. ఎందువలననో చూతము.

ఆ సంచి ఒక పదార్థము కాదు. కొన్ని పొరల కూర్పు. పైన అచ్చు వేయుటకు ఒక పొర, నడుమ అల్యూమినియము పూత, లోపల వేడిచేసి అతికించుటకు పాలిథీను వంటి మరియొక పొర. అల్యూమినియము పూత మందము మిల్లీమీటరులో పదివేలవ వంతు కన్నను తక్కువ. సంచిని కోసి దీపమునకు ఎదురుగా పట్టినచో వెలుగు మసకగా కనబడును, అంత పలుచన. ఆ పలుచని పూతయే తేమను, ఆమ్లజనిని అడ్డుకొని లోపలి సరుకును నెలల తరబడి కరకరలాడునట్లు కాపాడుచున్నది. ఇది గొప్ప ఇంజనీరింగు విజయమనుటకు సందేహము లేదు. ఆహారము పాడుకాకుండ కాపాడుట కూడ పర్యావరణ సేవయే. పాడైన ఆహారము వెనుక పొలము, నీరు, ఎరువు అన్నియు వ్యర్థమగును.

కాని ఒకసారి అతికిన పొరలను విడదీయుట దుర్లభము. పాలిథీను సుమారు 110 డిగ్రీల వద్ద కరగును. పైపొరకు వాడు పాలియెస్టరు సుమారు 250 డిగ్రీల వద్ద. రెంటిని కలిపి కరగించినచో మంచి వస్తువు రాదు. మా ప్రయోగశాలలో విద్యార్థులచే ఒక పని చేయించితిని. పండ్లరసపు అట్టపెట్టెను చిన్న ముక్కలుగా కోసి, నీటిలో నానవేసి, బాగుగా గిలకరించితిమి. కాగితపు పీచు గుజ్జుగా విడిపోయినది. దానిని గుడ్డలో వడకట్టి ఆరవేసితిమి. అడుగున మెరయుచున్న పొరలు మిగిలినవి. అల్యూమినియమును, ప్లాస్టిక్‌ను గోటితో విడదీయుటకు పిల్లలు చాలసేపు ప్రయత్నించిరి, ఒక్కరికిని సాధ్యపడలేదు. పాఠకులును ఇంట చేసి చూడవచ్చును. "దీనిని మరల వాడవచ్చును" అను మాటలో ఎంత భాగము నిజమో ఆ గిన్నె అడుగున కనబడును.

ఆ సంస్థ 2021-22 నుండి, తాను మార్కెట్టులోనికి పంపిన ప్లాస్టిక్ కంటె అధికముగా ప్లాస్టిక్ చెత్తను సేకరించుచున్నట్లు ప్రకటించుచున్నది. సేకరణ మంచిదే. కాని సేకరించినది మరల వస్తువగుట వేరు, సిమెంటు బట్టీలో ఇంధనముగా కాలుట వేరు. పొరల సంచులకు సాధారణముగా పట్టు గతి ఈ రెండవదియే. కాల్చినచో బొగ్గు కొంత మిగులును; సంచి మరల సంచి కాదు, పై సంచికి మరల క్రొత్త చమురు కావలెను. కావున "సేకరించితిమి" అను క్రియ తరువాత "పిమ్మట ఏమి చేసితిమి" అను క్రియ తప్పక రావలెను.

ఇందులో ప్రభుత్వమును కూడ విమర్శింపక తప్పదు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థముల నిబంధనలు, మరల వాడుటకు వీలుకాని పొరల సంచులను రెండేండ్లలో క్రమముగా మాన్పవలెనని చెప్పినవి. 2018లో ఆ వాక్యమును సవరించిరి: మరల వాడుటకు గాని, శక్తిని పొందుటకు గాని, వేరొక ఉపయోగమునకు గాని పనికిరానివి మాత్రమే మానవలెను. కాలని ప్లాస్టిక్ ఉన్నదా? ఒక్క "గాని"తో సంచులన్నియు బ్రతికిపోయినవి. సంచి మారలేదు, వాక్యము మారినది. తరువాత 2022 ఫిబ్రవరిలో ఉత్పత్తిదారుల బాధ్యతను విస్తరించుచు క్రొత్త నియమములు వచ్చినవి. గట్టి ప్లాస్టిక్, మెత్తని ప్లాస్టిక్, పొరల ప్లాస్టిక్ అని తరగతులుగా విభజించి, ఏ తరగతి లెక్క ఆ తరగతిలోనే చూపవలెనన్నారు. ఇది సరియైన మార్గము. కాని ఆ లెక్కకు ధ్రువపత్రములు ఆధారము. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేసినప్పుడు, కొందరు పునరుత్పత్తిదారుల పేర సుమారు 6 లక్షల నకిలీ ధ్రువపత్రములు బయటపడినవి. చెత్త కదలకుండ కాగితము మాత్రమే కదలినచో ఫలితమిట్లుండును.

ధర్మము, బాధ్యత

2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగము ప్రకారము, ఒక స్థాయికి మించిన సంస్థలు గత మూడేండ్ల సగటు నికరలాభములో కనీసము 2 శాతమును సంఘకార్యములకు ఖర్చు చేయవలెను. ఇది 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. బడులు, మరుగుదొడ్లు, చెరువులు ఈ సొమ్ముతో వచ్చుచున్నవి. ఆ చట్టపు నియమములలో ఒక విశేషము కలదు: సంస్థ తన సాధారణ వ్యాపారములో భాగముగా చేయు పనిని ఈ 2 శాతములో చూపరాదు. అనగా, లాభము వచ్చిన తరువాత చేయునది ధర్మము. లాభము వచ్చు మార్గములో చేయవలసినది బాధ్యత. చట్టమే ఈ రెంటిని వేరుచేసినది. నివేదికలు మాత్రము రెంటిని ఒకే రంగుబొమ్మ క్రింద కలిపి చూపుచున్నవి. పాఠకుడు బడిపిల్లల నవ్వుముఖమును చూచి, మిల్లు తూమును మరచును.

పొట్లమును గూర్చియే ఒక చిత్రమైన ఉదాహరణము కలదు. ఆ సంస్థ పొట్లముల విభాగము పుట్టినది సిగరెట్ పెట్టె కొరకని పైన చెప్పితిని. 2016 ఏప్రిల్ 1 నుండి మన దేశములో ఆ పెట్టె ముఖములలో 85 శాతము మేర ఆరోగ్య హెచ్చరిక బొమ్మ ఉండవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. నిబంధనలు స్పష్టముగా లేవని చెప్పి, పెద్ద సిగరెట్ సంస్థలు, ఇదియు వానిలో నొకటి, ఆ నెలలో ఉత్పత్తిని నిలిపివేసినవి. ఆ పెట్టెల మీద నేడు హెచ్చరిక కలదు. పొగాకు వలన మన దేశమున ఏటేటా సుమారు 13.5 లక్షల మంది మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పొట్లము మీద వ్రాసిన వాక్యములన్నిటిలోను అత్యంత సత్యమైన వాక్యము, సంస్థ తనంత తాను వ్రాసినది కాదు, చట్టము వ్రాయించినది. పర్యావరణ నివేదికకు కూడ ఇదియే పాఠము. తన్ను గూర్చి తాను వ్రాసికొను వాక్యములో ఏది చేర్చవలెనో, ఏది విడువవలెనో వ్రాయువాడే నిర్ణయించినచో, అది నివేదిక కాదు, ప్రశస్తి. మన రాజుల శాసనములలో గెలిచిన యుద్ధములే యుండును గదా!

ఏ పుటను చదువవలెను?

అదృష్టవశమున మన దేశములో ఇట్టి నిర్బంధపు వాక్యములు కొన్ని ఇప్పుడు వచ్చినవి. షేరు మార్కెట్టులోని మొదటి వేయి పెద్ద సంస్థలు 2022-23 నుండి సెబీ నిర్ణయించిన నమూనాలో బాధ్యతా నివేదికను ఇచ్చి తీరవలెను. అందులో నీటిని ఎక్కడెక్కడి నుండి ఎంత తీసిరో, వ్యర్థములలో ఏ రకము ఎంత పుట్టినదో, ఎంత మరల వాడిరో, ఎంత కాల్చిరో, ఎంత పూడ్చిరో గడులు కలవు. రంగుబొమ్మలు లేవు. చదువుటకు నీరసముగ నుండును. కాని సత్యము సాధారణముగా ఇట్టి నీరసపు పట్టికలలోనే నివసించును. ఆ గడులలోని అంకెలను స్వతంత్రులైనవారు తనిఖీ చేయు పద్ధతిని కూడ 2023లో మొదలుపెట్టి, అతిపెద్ద సంస్థల నుండి క్రమముగా విస్తరించుచున్నారు. విద్యార్థులు, పత్రికలవారు, మిల్లు సమీప గ్రామముల చదువుకొన్న యువకులు ఆ పట్టికలను తెలుగులో వ్రాసి పంచాయతీ గోడకు అంటించినచో ఎంత మేలు!

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానము. పదార్థము నశింపదు, శూన్యము నుండి పుట్టదు. కర్మాగారమునకు ఒక ద్వారము గుండ కలప, నీరు, బొగ్గు, చమురుతో చేసిన పొర లోనికి పోవుచున్నవి. మరియొక ద్వారము గుండ పెట్టె, ఆవిరి, బూడిద, మురికినీరు, వాయువు వెలికి వచ్చుచున్నవి. లోనికి పోయినదంతయు వెలికి రావలెను. ఈ లెక్కలో ఎవరికిని "అధికము" రాదు. తక్కువ చెడుపు, ఎక్కువ చెడుపు అను భేదము మాత్రమే కలదు. ఆ భేదము అల్పమైనది కాదు. సారపాకలో క్లోరిన్ వాయువును మానినప్పుడు తగ్గిన విషము నిజముగా తగ్గినది. దానిని ఎంత మెచ్చుకొన్నను తప్పు లేదు. కాని తగ్గించుటను అధికమని పిలిచినచో, ఇక తగ్గింపవలసినది ఏమియు లేదను భ్రమ కలుగును. ఆ భ్రమయే ఆ కుర్రవానిచే అట్లు అడిగించినది.

ఇదంతయు బోర్డు మీద వ్రాసి చూపిన పిమ్మట అతడు కొంతసేపు ఆలోచించి, "అయితే ఇంటర్వ్యూలో ఏమనాలి సార్?" అని అడిగినాడు. సంస్థ చేసిన మంచిని తప్పక చెప్పుమంటిని. తరువాత వారు నీ ప్రశ్న లేమైన ఉన్నవా అని అడిగినచో, "మీ పొట్లము ఖాళీ అయిన తరువాత ఎక్కడికి పోతుంది? ఆ లెక్క ఏ పుటలో ఉంది?" అని వినయముగా అడుగుమంటిని. "అలా అడిగితే ఉద్యోగం ఇస్తారా సార్?" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయితిని. అట్టి ప్రశ్నకు భయపడక కూర్చుండబెట్టి పట్టిక చూపు సంస్థలు ఎన్నియున్నవో, మన దేశములో బాధ్యత అంత కలదని నా నమ్మకము.